బిడ్డ ఛాతీలో గుంట: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

ఉద్యోగరీత్యా నోయిడా నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అట్టి ఒక ఇంటిని తలచుకొనవచ్చును. వేసవి వచ్చినది. వారు నివసించు బహుళ అంతస్తుల భవనముల నడుమ ఈతకొలను తెరచిరి. సాయంకాలము కాగానే చుట్టుప్రక్కల పిల్లలందరు కేరింతలతో నీటిలోనికి దుముకుచున్నారు. పండ్రెండేండ్ల బాలుడొకడు మాత్రము చొక్కా విప్పక గట్టుపై కూర్చుండి చూచుచున్నాడు. రెండేండ్ల క్రిందట వానికి ఈత అనిన ప్రాణము. ఇప్పుడు అడిగినచో, “నాకు ఈత ఇష్టం లేదమ్మా” అని ముఖము త్రిప్పుకొనును.

ఒక ఆదివారము నాడు, ఊరినుండి వచ్చిన నాయనమ్మ తలంటుటకై వానిని పిలిచినది. వద్దు వద్దనుచున్నను చొక్కా విప్పించి నూనె రాయబోయినది. ఆమె చేయి నడుమనే ఆగిపోయినది. రొమ్ము నడిమి భాగమున, పుడిసెడు నీరు నిలుచునంత గుంట కనబడినది.

“ఇదేమిటమ్మాయీ, పిల్లవాడి ఎద ఇట్లా లోపలికి పోయింది?” అని ఆమె కోడలిని పిలిచినది.

“చిన్నప్పటి నుంచీ కొంచెం ఉంది అత్తయ్యా. పెద్దయితే అదే పూడుతుందనుకున్నాను” అని కోడలు బదులు చెప్పినది.

ఆ రాత్రి ఆ ఇంట ఎవరికిని కన్ను మూతపడలేదు. ఆ గుంట గుండెను నొక్కివేయునా? బిడ్డకు చాలినంత పాలు, తిండి పెట్టకపోవుటచే ఇట్లయినదా? గర్భవతిగా నున్నప్పుడు తల్లి చేసిన పొరపాటు ఏమైన కలదా? వెంటనే ఆపరేషను చేయింపవలెనా? ఇట్టి ప్రశ్నలు ఆ ఒక్క ఇంటివి మాత్రమే కావు. బిడ్డ ఛాతీలో వంకరను తొలిసారి గమనించిన ప్రతి ఇంటను ఇవే ప్రశ్నలు పుట్టును. వీనికి వైద్యశాస్త్రము స్పష్టమైన సమాధానములనే ఇచ్చుచున్నది. వానిలో చాల భాగము ధైర్యము కలిగించునవే.

ఛాతీ అను గూడు

ఛాతీ ఎట్లు నిర్మింపబడినదో తెలిసినచో దాని వంకరలు సులభముగా బోధపడును. వెనుకవైపు వెన్నెముక, ముందువైపు రొమ్ము ఎముక, ఈ రెంటి నడుమ ఇరుప్రక్కల 12 జతల ప్రక్కటెముకలు కలిసి ఒక గూడుగా ఏర్పడియున్నవి. ఈ గూటిలో గుండెయు, ఊపిరితిత్తులును భద్రముగా నుండును.

ప్రక్కటెముకలన్నియు వెనుక వెన్నెముకకు అంటియుండును. ముందువైపు మాత్రము అవి సూటిగా రొమ్ము ఎముకను తాకవు. నడుమ మెత్తని మృదులాస్థి ఉండును. చెవి దొప్పను వంచి చూచినచో మృదులాస్థి ఎట్లుండునో తెలియును. పై 7 జతలు తమ తమ మృదులాస్థి ద్వారా రొమ్ము ఎముకను చేరును. తరువాతి 3 జతలు తమ పైనున్న ప్రక్కటెముక మృదులాస్థితో కలియును. చివరి 2 జతల ముందు కొనలు దేనికిని అంటవు.

ఈ మృదులాస్థి వలననే ఛాతీ గట్టిపెట్టెవలె గాక కొలిమితిత్తివలె సాగుచు ముడుగుచు ఉండగలుగుచున్నది. పిల్లలు పెరుగునప్పుడు ఎముకలతోపాటు మృదులాస్థియు పెరుగును. ఆ పెరుగుదల అన్ని చోట్ల ఒక్క తీరుగ జరుగనప్పుడు రొమ్ము ఎముక లోపలికి గాని వెలుపలికి గాని నెట్టబడును. ఛాతీ వంకరలలో పెక్కింటికి మూలము ఇదియే.

గుంట ఛాతీ

రొమ్ము ఎముక క్రింది భాగము, దానికి అంటిన మృదులాస్థులతో సహా లోపలికి దిగిపోవుటను గుంట ఛాతీ అందురు. వైద్యులు దీనిని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అని పిలుతురు. ఛాతీ వంకరలన్నిటిలో ఎక్కువగా కనబడునది ఇదియే. పాశ్చాత్య దేశముల లెక్కల ప్రకారము సుమారు 300 నుండి 400 మంది శిశువులలో ఒకరికి ఇది ఉండును. బాలికలలో కంటె బాలురలో కొన్ని రెట్లు ఎక్కువ.

చాలమంది పిల్లలలో ఇది మొదటి ఏటనే కొద్దిగా కనబడును. ఆ తరువాత కొన్ని సంవత్సరములు అట్లే ఉండి, పది పండ్రెండేండ్లు దాటి బిడ్డ వేగముగా ఎత్తు పెరుగు కాలమున లోతెక్కును. అందువలననే “నిన్న మొన్నటి వరకు లేనిది ఇప్పుడే వచ్చినది” అని తల్లిదండ్రులు భ్రమపడుదురు. పెద్దయినచో అదే పూడుకొనునని ఊరకుండుటయు పొరపాటే. కొద్దిపాటి గుంట కొద్దిపాటిగనే నిలిచిపోవచ్చును. గాని లోతైన గుంట యౌవనములో తనంత తాను సరియగుట అరుదు.

గుంట తక్కువగా నున్న పిల్లలకు సాధారణముగా ఏ బాధయు ఉండదు. వారు తోటి పిల్లలతో సమముగా పరుగెత్తుదురు, ఆడుదురు. గుంట లోతైనచో గుండె కొంత ఎడమవైపునకు జరుగును. దాని కుడి భాగముపై కొంత ఒత్తిడి కలుగవచ్చును. ఊపిరితిత్తులు సాగుటకు చోటు తగ్గవచ్చును. అట్టి పిల్లలు కూర్చున్నప్పుడు బాగుగనే ఉందురు గాని, పరుగు పందెములలో తోటివారికంటె ముందే ఆయాసపడుదురు. కొందరికి ఛాతీలో నొప్పి, గుండెదడ కలుగును. గుండె ఒక్కసారిగ నలిగిపోవునను భయమునకు ఆధారము లేదు.

పావురపు ఛాతీ

దీనికి విరుద్ధముగా రొమ్ము ఎముక పావురపు రొమ్మువలె ముందునకు పొడుచుకొని వచ్చుట మరియొక రకము. దీనిని పెక్టస్ కారినేటమ్ అందురు. ఇదియు బాలురలోనే ఎక్కువ. గుంట ఛాతీ శైశవముననే కనబడగా, ఇది చాలమందిలో పదకొండు, పండ్రెండేండ్ల ప్రాయమున బయటపడును. ఉబ్బు ఒక్కొక్కప్పుడు ఒక ప్రక్కకే ఉండును. గుండె, ఊపిరితిత్తులు దీనివలన ఇబ్బంది పడుట తక్కువ. బిడ్డను బాధించునది ముఖ్యముగా దాని రూపమే.

అరుదైన రకములు మరికొన్ని కలవు. కొందరికి ఒక ప్రక్క ఛాతీ కండరము పుట్టుకతోనే లోపించును. అట్టి వారిలో కొందరికి ఆ ప్రక్క చేతి వ్రేళ్లు పొట్టిగనో, అతుకుకొనియో ఉండును. దీనిని పోలండ్ లక్షణ సముదాయమందురు.

చంటిబిడ్డలలో వంకర కానిది

చంటిబిడ్డ పొట్టకు పైన, ఛాతీ నడుమ, చర్మము క్రింద చిన్న ముడివలె ఏదో తగులుట చూచి తల్లులు బెదరిపోవుదురు. అది రొమ్ము ఎముక చివరి కొన. బిడ్డ కొంచెము కండ పట్టగానే అది కనుమరుగగును. నవజాత శిశువుల రొమ్ములు కొద్దిగా ఉబ్బియుండుటయు సహజమే. తల్లినుండి వచ్చిన హార్మోనుల ప్రభావమున అట్లగును. కొన్ని వారములలో తగ్గిపోవును. స్నానము చేయించునప్పుడు వానిని నొక్కి పాలు పిండు ఆచారము మన ఇండ్లలో కొన్నిచోట్ల నేటికిని కలదు. అది హానికరము. అందువలన చీము పట్టవచ్చును.

ఇది ఎవరి తప్పు?

ఎవరి తప్పును కాదు. తల్లి గర్భముతోనుండగా గ్రహణము చూచినందువలన గాని, బరువులెత్తినందువలన గాని, బిడ్డను ఒక ప్రక్కకే పరుండబెట్టినందువలన గాని గుంట ఛాతీ కలుగదు. పాలు చాలనందువలనను కాదు. దిష్టి వలనను కాదు. వంగి కూర్చుండుట గుంటకు కారణము కాదు. అది చాలసార్లు గుంటను దాచుకొనుటకు బిడ్డ ఎంచుకొన్న ఉపాయము.

వంశపారంపర్యమునకు మాత్రము ఇందు కొంత పాత్ర కలదు. ఈ వంకర గల పిల్లలలో చాలమందికి తండ్రి, మేనమామ, పెత్తండ్రి మొదలగు రక్తసంబంధీకులలో ఎవరికో ఒకరికి ఇట్టిదే ఉండుట కద్దు. కావున ఇంటిలో ఒకరికి ఉన్నచో, తోబుట్టువుల ఛాతీని కూడ చూచుట మంచిది.

ఛాతీ వంకరతోపాటు బిడ్డ మిక్కిలి పొడవుగను, సన్నగను ఉండి, చేతులు, వ్రేళ్లు అసాధారణముగ పొడవై, చూపు కూడ మందగించినచో వైద్యులు మార్ఫన్ లక్షణ సముదాయమును శంకింతురు. అందు గుండెనుండి వెలువడు బృహద్ధమని గోడలు బలహీనపడును. దానిని ముందుగా కనిపెట్టుట ప్రాణరక్షణకు అవసరము. ఛాతీని చూపుటకై వెళ్లినప్పుడు ఈ సంగతియు బయటపడిన పిల్లలు కలరు.

నూనె రాచి ఛాతీని గట్టిగా మర్దించుట, బరువు రాళ్లు కట్టుట, వాతలు పెట్టుట మొదలగు పనులు వంకరను సరిచేయవు. బిడ్డ ఎముకలకును, చర్మమునకును హాని చేయును. వేయి రకముల పొడులును, బలపు మందులును గుంటను పూడ్చలేవు.

ఎండ, పొగ, రికెట్స్

ఛాతీ రూపము మారుటకు మరియొక కారణము కలదు. అది పుట్టుకతో వచ్చునది కాదు, నివారింపదగినది. విటమిన్ డి గాని, కాల్షియము గాని చాలనప్పుడు ఎముకలు గట్టిపడక మెత్తగా నిలిచిపోవును. దీనిని రికెట్స్ అందురు. మెత్తని ఎముకలు గల బిడ్డ ఛాతీ, శ్వాస తీయునప్పటి లాగుడుకే వంగిపోవును. రొమ్ము ఎముక ముందునకు పొడుచుకొని వచ్చును. ప్రక్కటెముకలు మృదులాస్థితో కలియుచోట్ల జపమాల పూసలవలె ముడులు తగులును. ఛాతీ అడుగున అడ్డముగ ఒక పల్లపు గీత ఏర్పడును. వీనితోపాటు మణికట్లు లావగుట, దొడ్డికాళ్లు, పండ్లు ఆలస్యముగ మొలచుట, నడక ఆలస్యమగుట కనబడును.

విటమిన్ డి ముఖ్యముగా సూర్యరశ్మి చర్మముపై పడుటచే శరీరములో తయారగును. ఎండకు కొదవలేని దేశములో ఈ లోటేమని ఆశ్చర్యము కలుగవచ్చును. ఢిల్లీ ప్రాంతములో 9 నుండి 24 నెలల వయస్సుగల శిశువులను పరీక్షించి చేసిన ఒక పరిశోధన 2002లో ప్రచురితమైనది. గాలి మిక్కిలి కలుషితమైన మోరీగేట్ ప్రాంతపు పిల్లల రక్తములో, అంతకంటె తక్కువ కాలుష్యము గల గుర్‌గావ్ ప్రాంతపు పిల్లలకంటె విటమిన్ డి చాల తక్కువగా నున్నట్లు అందు తేలినది. ఆకాశమును కప్పిన పొగయు, ధూళియు విటమిన్ డిని పుట్టించు కిరణములను అడ్డగించును. నోయిడా నగరము కూడ ఆ ఆకాశము క్రిందనే కలదు. శీతకాలమున పొగమంచు కమ్మిన దినములలో పిల్లలు ఇల్లు కదలకుందురు. కదలినను తలనుండి పాదముల వరకు ఉన్ని బట్టలే. ఎత్తైన భవనములలోని కొన్ని ఇండ్లకు సూటిగా ఎండ రానే రాదు.

కావున గాలి బాగుగనున్న దినములలో, పిల్లల చేతులకు కాళ్లకు ఎండ తగులునట్లు వెలుపల ఆడనీయవలెను. కిటికీ అద్దముగుండ వచ్చు ఎండ ఇందుకు పనికిరాదు. పుట్టినది మొదలు ఏడాది నిండువరకు శిశువునకు దినమునకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు ఇయ్యవలెనని భారత శిశువైద్యుల సంఘము సూచించుచున్నది. రికెట్స్ వచ్చినను వైద్యుని సలహాపై మందులు వాడినచో ఎముకలు మరల గట్టిపడును. చిన్నవయస్సున ఆరంభించినచో వంకర కూడ చాలవరకు సర్దుకొనును. అయితే మంచిదే కదా యని విటమిన్ డి సూదులను పదే పదే వేయించుట అపాయకరము. మోతాదు మించినచో అది రక్తములో కాల్షియమును పెంచి మూత్రపిండములను చెరచును.

అదుపులో లేని ఉబ్బసము కూడ దీర్ఘకాలమున ఛాతీ రూపమును మార్చగలదు. ఢిల్లీ, నోయిడా ప్రాంతములలో శీతకాలమునందు దగ్గు, పిల్లికూతలు ఎక్కువగు పిల్లలకు క్రమము తప్పక చికిత్స చేయింపవలెను.

ఇది వంకర కాదు, అపాయము

ఒక భేదమును ప్రతి తల్లియు, ప్రతి అమ్మమ్మయు గుర్తుంచుకొనవలెను. గుంట ఛాతీ నిన్న ఎట్లున్నదో నేడును అట్లే ఉండును. బిడ్డ పాలు త్రాగుచు, నవ్వుచు, ఆడుకొనుచు ఉండును. అట్లుగాక, నిన్నటివరకు బాగుగనున్న బిడ్డకు దగ్గో జ్వరమో వచ్చి, ప్రతి శ్వాసకును ఛాతీ అడుగు భాగము లోపలికి లాగుకొనిపోవుచున్నచో అది వంకర కాదు. మన పల్లెలలో దీనినే డొక్కలు ఎగరవేయుట అందురు. అది న్యుమోనియా చిహ్నము కావచ్చును. అప్పుడు గంటలే విలువైనవి.

బిడ్డ నిదురించుచున్నప్పుడు గాని, ఏడువక ఊరకున్నప్పుడు గాని ఒక పూర్తి నిమిషము శ్వాసలు లెక్కింపవలెను. రెండు నెలలలోపు శిశువు నిమిషమునకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలలనుండి ఏడాదిలోపు బిడ్డ 50 గాని అంతకు మించి గాని, ఏడాదినుండి ఐదేండ్లలోపు బిడ్డ 40 గాని అంతకు మించి గాని ఊపిరి తీయుచున్నచో అది వేగమైన శ్వాస. వేగమైన శ్వాస, డొక్కలు ఎగురుట, పాలు త్రాగలేకపోవుట, పెదవులు నీలివర్ణమగుట, మగతగా పడియుండుట – వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108 నంబరునకు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. ఈ స్థితిలో వాతలు పెట్టించుచు, మంత్రము వేయించుచు గడపిన సమయము బిడ్డ ప్రాణమునకే ముప్పు తెచ్చును.

వైద్యుడు ఏమేమి చూచును?

ఛాతీ వంకర గల బిడ్డను మొదట పిల్లల వైద్యునికి చూపవలెను. వంకర లోతైనదైనచో ఆయన పిల్లల శస్త్రవైద్యుని యొద్దకు పంపును. ఎప్పుడు మొదలైనది, పెరుగుచున్నదా, పరుగెత్తినప్పుడు ఆయాసము కలదా, ఇంటిలో మరెవరికైన కలదా అను ప్రశ్నలకు తల్లిదండ్రులు సిద్ధముగ నుండవలెను. ఆరు నెలల కొకసారి ఒకే వెలుతురులో, ఒకే చోట నిలువబెట్టి తీసిన ఫోటోలు వంకర పెరుగుదలను తెలిసికొనుటకు ఎంతయు ఉపకరించును. వాటిని బిడ్డ సమ్మతితోనే తీయవలెను. వైద్యునికి దప్ప ఇతరులకు చూపరాదు.

వైద్యుడు వెన్నెముకను కూడ పరీక్షించును. ఛాతీ వంకర గల పిల్లలలో కొందరికి వెన్నెముక ప్రక్కకు వంగియుండును. గుండెను ఎకో పరీక్షతోను, ఊపిరి బలమును ఊదుడు యంత్రముతోను కొలుతురు. గుంట లోతైనదైనచో సి.టి. స్కాను తీయుదురు. అందు ఛాతీ అడ్డు కొలతను, గుంట అట్టడుగునుండి వెన్నెముక వరకు గల కొలతచే భాగింతురు. ఉదాహరణకు అడ్డు కొలత 24 సెంటీమీటర్లు, లోపలి కొలత 10 సెంటీమీటర్లు అయినచో ఫలితము 2.4. ఇది ఇంచుమించు సాధారణము. లోపలి కొలత 6 సెంటీమీటర్లే అయినచో ఫలితము 4 అగును. అమెరికా శస్త్రవైద్యుడు హాలర్, ఆయన సహచరులు 1987లో ప్రతిపాదించిన ఈ సంఖ్యకు హాలర్ సూచిక యని పేరు. ఇది 3.25 దాటినచో గుంట తీవ్రమైనదిగ ఎంతురు. అయితే ఒక్క సంఖ్యను బట్టియే ఆపరేషను నిర్ణయింపరు. బిడ్డ ఆయాసము, గుండె స్థితి, వయస్సు, బిడ్డ మనస్సు అన్నియు కలిపి ఆలోచింతురు.

చికిత్స మార్గములు

కొద్దిపాటి వంకరకు చికిత్స యే అవసరము లేదు. ఏడాది కొకసారి, వేగముగ పెరుగు వయస్సున ఆరు నెలల కొకసారి వైద్యునికి చూపిన చాలును. నిటారుగ నిలుచుట, భుజములను వెనుకకు లాగు వ్యాయామములు, దీర్ఘశ్వాస, ఈత మంచివి. ఇవి ఎముకను మార్చవు. గాని ఛాతీ కండరములను పెంచి, వంగిన నడకను సరిచేసి, వంకర తక్కువగ కనబడునట్లు చేయును.

పావురపు ఛాతీకి చాలవరకు కోతతో పని లేదు. పొడుచుకొని వచ్చిన భాగమును ముందునుండి మెల్లగా నొక్కునట్లు బిడ్డ కొలతకు తయారుచేసిన పట్టీని ధరింపజేయుదురు. మృదులాస్థి మెత్తగ నున్న వయస్సుననే ఇది బాగుగ పనిచేయును. దినమునకు చాల గంటలు, కొన్ని నెలలనుండి ఏడాదికి పైగా ధరింపవలసి యుండును. పట్టీ ఎంత మంచిదైనను బీరువాలో నున్నచో ప్రయోజనము లేదు. అందుచే బిడ్డకు తానే ధరింపవలెనను కోరిక పుట్టించుట ముఖ్యము.

గుంట ఛాతీకి గాలిని పీల్చి రొమ్ము ఎముకను పైకి లాగు గిన్నెవంటి సాధనము ఒకటి కలదు. ఒక జర్మను ఇంజనీరు తన ఛాతీలోని గుంటకొరకే దీనిని రూపొందించెను. చిన్నవయస్సు, లోతు తక్కువైన గుంట గల పిల్లలలో ఇది కొంత మేలు చేయును. వైద్యుని పర్యవేక్షణ లేక దీనిని వాడరాదు.

లోతైన గుంటకు శస్త్రచికిత్స కలదు. 1949లో అమెరికా వైద్యుడు రావిచ్ వివరించిన పద్ధతిలో ఛాతీ ముందు కోసి, వంకరగ పెరిగిన మృదులాస్థులను తొలగించి, రొమ్ము ఎముకను సరియైన స్థానమునకు తెత్తురు. 1987లో డోనాల్డ్ నస్ అను శస్త్రవైద్యుడు అమెరికాలోని నార్‌ఫోక్ నగరమున మరియొక మార్గమును అవలంబించెను. మృదులాస్థి వంగు గుణము కలది గదా, దానిని కోసివేయుట యెందుకని ఆయన ఆలోచన. ఛాతీ ఇరుప్రక్కల చిన్న గాట్లు పెట్టి, వంచిన లోహపు కమ్మీని రొమ్ము ఎముక క్రిందుగ దూర్చి, దానిని త్రిప్పగానే గుంట పైకి లేచును. పదేండ్ల అనుభవమును ఆయన, ఆయన సహచరులు 1998లో ప్రచురించిరి. నేడు ప్రపంచమున చాల చోట్ల ఈ పద్ధతినే అనుసరించుచున్నారు. లోపలి భాగమును సన్నని కెమెరాతో చూచుచు కమ్మీని పంపుదురు. అది సుమారు రెండు మూడేండ్లు ఛాతీలో ఉండును. రొమ్ము ఎముక క్రొత్త స్థానమున కుదురుకొనిన పిదప దానిని తీసివేయుదురు.

ఇది చిన్న ఆపరేషను కాదు. మొదటి దినములలో నొప్పి గట్టిగనే ఉండును. దానిని తగ్గించు మార్గములు నేడు పెరిగినవి. కమ్మీ జరుగుట, చీము పట్టుట సంభవింపవచ్చును. కమ్మీ గుండెకు సమీపముగ పోవును గనుక, ఈ పనిలో అనుభవము గల వైద్యులే చేయవలెను. కొందరికి నికెల్ లోహము సరిపడదు. గిల్టు నగలు పెట్టిన చర్మముపై దురద, పుండ్లు వచ్చు బిడ్డ విషయమును ముందే చెప్పినచో వేరు లోహపు కమ్మీని వాడుదురు. కొన్ని నెలలవరకు బరువులెత్తుట, ఒకరినొకరు ఢీకొను ఆటలు కూడవు. ఛాతీలో కమ్మీ కలదని తెలుపు చీటీని ఎల్లప్పుడు వెంట ఉంచుకొనవలెను.

సాధారణముగ 10 నుండి 16 ఏండ్ల నడిమి ప్రాయము ఈ చికిత్సకు అనుకూలము. అప్పటికి బిడ్డ విషయమును అర్థము చేసికొనును. ఛాతీ ఇంకను వంగు గుణమును కోల్పోదు. మిక్కిలి చిన్నవయస్సున చేసినచో పెరుగుదలలో గుంట మరల రావచ్చును. అందుచే ఐదేండ్ల బిడ్డకు తొందరపడుటయు తగదు, పదునైదేండ్లు వచ్చువరకు ఎవరికిని చూపక దాచుటయు తగదు.

ఎవరికిని కనబడని బాధ

ఛాతీలోని గుంటకంటె మనస్సులోని గుంట లోతైనది కావచ్చును. వేసవిలో కూడ రెండు చొక్కాలు తొడుగుట, ఆటలు మానుట, వంగి నడచుట, స్నేహితుల యిండ్లకు పోకుండుట మొదలగునవి ఆ బాధకు గుర్తులు. ఇట్టి బిడ్డను పదిమందిలో చొక్కా విప్పి చూపుమని అడుగరాదు. చుట్టములు వచ్చినప్పుడు దానిని ముచ్చటగ చెప్పరాదు. “నీకేమీ లేదు, ఊరికే అనుకుంటున్నావు” అని కొట్టివేయుటయు సరికాదు. ఉన్నది ఉన్నదని ఒప్పుకొని, దీనికి వైద్యులు కలరు, దారి కలదు, దీనివలన నీ విలువ తగ్గదు అని నెమ్మదిగ చెప్పవలెను. పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునికి సంగతి తెలిపినచో ఆయన బిడ్డను నవ్వులపాలు కాకుండ కాపాడగలడు.

ఎక్కడికి పోవలెను?

నోయిడా 30వ సెక్టారులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము నడపు పిల్లల వైద్య సంస్థ కలదు. నగరవాసులు దీనిని చైల్డ్ పీజీఐ అని వ్యవహరింతురు. ఇందు పిల్లల వైద్యులతోపాటు పిల్లల శస్త్రవైద్యులును కలరు. 1956లో నెలకొల్పబడిన ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో కూడ పిల్లల శస్త్రచికిత్స విభాగము కలదు. హైదరాబాదులో నున్న బంధువుల బిడ్డలకు నీలోఫర్ ఆసుపత్రి కలదు. మాట్లాడు భాష వేరైనచో, బిడ్డ బాధలను ముందుగ కాగితముపై హిందీలో వ్రాయించుకొని పోవుట మేలు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలను పరీక్షించుచున్నారు. వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఏటికి ఒక మారు వచ్చును. రికెట్స్, పుట్టుకతో వచ్చు గుండె జబ్బులు ఈ పరీక్షలలో చేరియున్నవి. ఆ దినమున బిడ్డను తప్పక బడికి పంపవలెను. ప్రైవేటు బడులలో చదువు పిల్లల ఛాతీని చూచుట ఇంటివారి బాధ్యతయే.

ఇది కష్టమైన పని కాదు. చిన్నపిల్లలకు స్నానము చేయించునప్పుడు ఛాతీని ముందునుండి, ప్రక్కనుండి, వీపును వెనుకనుండి చూడవలెను. ఎదిగిన పిల్లలు స్నానపు గది తలుపు వేసికొను వయస్సు వచ్చిన పిదప, ఏటికొకసారి వైద్య పరీక్షలో ఛాతీని, వెన్నెముకను చూడుమని వైద్యుని కోరవలెను. గుంట లోతెక్కు వయస్సును, తలుపు మూసికొను వయస్సును ఒక్కటే యని మరువరాదు.

నోయిడాలోని ఆ బాలుని వంటి వానిని వైద్యుని యొద్దకు తీసికొనిపోయినచో ఏమి జరుగును? గుంట కొద్దిపాటిదే యని తేలవచ్చును. అప్పుడు వ్యాయామము చేయుచు, ఏడాది కొకసారి చూపించుచు, నిర్భయముగ ఈదవచ్చును. గుంట లోతైనదని తేలవచ్చును. అప్పుడును చికిత్సకు తగిన వయస్సుననే వాడు వచ్చియున్నాడు. రెండు విధముల మేలే. నాయనమ్మ చేయి ఆగిపోయిన ఆ నిమిషము భయపడవలసిన నిమిషము కాదు. బిడ్డ ఇన్నాళ్లుగ ఒంటరిగ మోయుచున్న బరువును ఇంటివారందరు పంచుకొనుటకు లభించిన అవకాశము.